ఆరని డబ్బా

నాలుగు దినాలైనా ‘గండి’ డబ్బా మీది అక్షరాలు ఆరలేదు.

సోమవారం పొద్దున తొమ్మిదికే మిద్దె మీద కడప బండ కాలు పెట్టనీకుండా కాలుతాండాది. దాని మీద ఎండకు పెట్టిన మూడు డబ్బాల్లో నడిమిదాన్ని నిఖత్ అంచులు పట్టి ఎత్తి, వేలికొసతో అక్షరాన్ని తాకీ తాకనట్టు తాకింది. జిగట. వేలు తీస్తే రంగు వేలితోపాటు లేచొచ్చింది. అటూ ఇటూ ఉన్న ‘సెగ’, ‘దుమ్ము’ మాత్రం గోటితో గీకినా గీత పడనంత గట్టిగా ఆరిపోయినాయి. ఒకే బండ, ఒకే ఎండ. దీనికొక్కదానికి ఏం రోగమొచ్చిందో ఆమెకు అంతుచిక్కలేదు.

ఆ డబ్బాలేందో తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాల. గిటార్ వాయించేవాళ్ళు కాలికింద పెట్టుకొని తొక్కేవి అవి, పెడల్ అంటారు. ఒకటి తొక్కితే తీగ మోత గరగరమంటాది. ఇంకోటి తొక్కితే గండికోట లోయలో కేకేసినట్టు పోయిన మోతే మళ్ళా మళ్ళా తిరిగొస్తాది. నిఖత్ తమ్ముడు వసీం ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగట్లో పనిచేస్తాడు. అంగడి లేని పొద్దుల్లో మిద్దె మీది రేకుల గదిలో, పాత కుట్టుమిషను బల్ల ముందర కూచొని, తీగలూ చిప్పులూ అతికి ఈ డబ్బాలు చేస్తాడు. వాడికి అదొక పిచ్చి. లోపలిదంతా వాడిది. బయటిదంతా నిఖత్‌ది.

బయటిది తక్కువ పనని అనుకోవద్దు. అల్యూమినియం డబ్బా పోతపోసినప్పుడు దానికి మచ్చలుంటాయి, గుంతలుంటాయి. వాటర్ పేపర్ అనే గరుకు కాగితాన్ని తడుపుకుంటా, మొదట ముతకది, ఆపైన సన్నది, చివరికి ఇంకా సన్నది పెట్టి రుద్దాల. రుద్దినంక సబ్బుతో కడిగి, మళ్ళా ఒట్టి చేత్తో ముట్టకూడదు, చేతి జిడ్డు తగిలితే రంగు పట్టదు. బూడిదరంగు పూత ఒకటి, దాని మీద అసలు రంగు పల్చగా రెండు పూతలు. ఆత్రపడి ఒకేసారి మందంగా కొడితే కారిపోతాది. ఆ తర్వాతిది నిఖత్‌కు ఒక్కదానికే చేతనైన పని. పెండ్లికూతుళ్ళకు మెహందీ పెట్టే చెయ్యి ఆమెది. ప్లాస్టిక్ కోన్‌లో మెహందీకి బదులు ఎనామెల్ రంగు నింపి, కొస సూదిమొనంత కత్తిరించి, డబ్బా మీద తెలుగులో పేరు రాస్తాది, చుట్టూ తీగెలు అల్లుతాది. ఆ రాత ఉబ్బెత్తుగా నిలబడి, కండ్లు మూసుకొని తడిమినా తెలుస్తాది. ఆపైన లక్క పూత కొట్టేస్తే, వాన పడినా బూటుకాలు పడినా చెక్కుచెదరదు.

కానీ అక్షరం ఆరందే లక్క కొట్టకూడదు. కొట్టినావా, కింది రంగు ముడతలు పడి పైకి తంతాది.

నిఖత్ డబ్బాను మళ్ళా బండ మీద పెట్టి, చీదిన ముక్కును కొంగుతో తుడుచుకుంటాండగా కింద వాకిట్లో బైకు ఆగింది.

వచ్చినాయన షంషుద్దీన్. జమ్మలమడుగు మనిషి. శుక్రవారం నిఖత్ చేత మెహందీ పెట్టించుకున్న పెండ్లికూతురు జువేరియాకు మేనమామ. ఆ దినం ఆటో పంపించింది ఈయనే, బిర్యానీ తిని పొమ్మని బలవంతపెట్టిందీ ఈయనే. ఇప్పుడు కూచోమంటే కూచోలేదు. సెల్లు తీసి ఆమె మొగానికి పట్టినాడు.

ఫోటోలో రెండు అరచేతులు. నిఖత్ గుర్తుపట్టింది. చేతులను కాదు, తన తీగెలను. మణికట్టు కాడ మొదలై నడిమివేలికి ఎగబాకే తీగె, చిటికెనవేలు మొదట్లో మామిడిపిందె. తాను కోన్‌తో ఎట్లెట్ల పోయిందో బొబ్బలు అట్లట్లే పోయినాయి. తీగె పొడవునా నీళ్ళ బొబ్బలు, నడిమధ్య పచ్చిపుండు.

“నిఖా కాగితం మీద సంతకం పెట్టనీకె పెన్ను పట్టుకోలేకపోయింది మా పిల్ల,” అన్నాడు షంషుద్దీన్. గొంతు పెద్దది చేయలేదు, అదే ఇంకా భయంగా ఉండాది. “చేతులకు గుడ్డలు చుట్టుకొని కూచున్నె పెండ్లికూతురిని యాడన్నా చూసినావా నువ్వు? పెండ్లికొడుకు తల్లి ఏమనిందో తెల్సునా? పిల్లకు చర్మం రోగముంటే దాచిపెట్టి అంటగట్టినారంట. డాక్టరు కాదని రాసిచ్చినా నమ్మల్యా ఆయమ్మ. పిల్లను ఇంకా తోలుకొని పోలేదు. ఏం కలిపినావు దాంట్లో?”

“నేనేం కలుపుతా మామూ. పొడి గులాబ్‌బీ ఖాలాది. నిమ్మకాయ, చక్కెర నీళ్ళు, నీలగిరి నూనె. ఎప్పుడూ వేసేదే.”

“ఎవరా గులాబ్‌బీ?”

ఈడనే ఆమె ఒక మాట అనుండాల. ఆరేండ్లుగా నేను ఆమె పొడే వాడతాండా, ఎవురికీ చిన్న దద్దురు గూడా రాలేదని అనుండాల. నోట్లో దాకా వచ్చింది గూడా. కానీ ఆ మాటంటే ఆయన చూపు మళ్ళా తన చేతుల మీదికే వస్తాదని తెలుసు. మనిషి భయపడినప్పుడు ఎంత తెలివిగా ఉంటాదో చూడండి. నిఖత్ నోరు మూసుకొని, వీధిలో నాలుగిండ్ల అవతల కనపడే గోరింట చెట్టు దిక్కు చెయ్యి చూపించింది.

గులాబ్‌బీ అరవై దాటిన మనిషి, నిఖత్‌కు ఖాలా, అంటే పిన్ని వరస. మొగుడు పోయినంక గోరింటాకునే నమ్ముకొని బతికింది. వాకిట్లో చెట్టు ఉండాది, చాలనప్పుడు ఖాజీపేట కాడి చేన్ల గట్లమీంచి ఆకు కోయించుకొని వస్తాది. నీడన ఆరబెట్టి, దంచి, పాత వాయిల్ చీర ముక్కలో మూడుమార్లు జల్లించి పొట్లాలు కడతాది. ఆషాఢం వస్తే హిందువుల ఇండ్లకు, రంజానొస్తే తురకల ఇండ్లకు, ఆ వీధిలో గులాబ్‌బీ పొట్లం పోని ఇల్లు లేదు.

షంషుద్దీన్, ఆయన వెనకాలే నిఖత్ పోయేటప్పటికి గులాబ్‌బీ కాళ్ళు బార్లా చాపుకొని జల్లిస్తాండాది. ఆయన చెప్పింది విని, సెల్లు చేతికి తీసుకొని, దూరంగా పట్టుకొని, దగ్గరగా పట్టుకొని చూసింది.

“నొప్పి ఉండాదా బిడ్డకు?” అనింది మొదట.

“నొప్పి ఉండాదా అని అడుగుతాండావా?” షంషుద్దీన్ అంతసేపు అణచుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది. “ఏం మందు కలిపి అమ్ముతాండావ్ ఊరికి? నల్లగా పండల్లని ఏ యాసిడ్ పోసినావు?” పక్కనున్న పొడి డబ్బా ఎత్తి వాకిలి ముందరి కాలువలో కుమ్మరించినాడు. జల్లెడ గుడ్డను కాలితో తన్నినాడు. వీధిలో ఆడోళ్ళంతా గడపల్లోకి వచ్చి నిలబడినారు.

గులాబ్‌బీ కాలువలో పచ్చగా తేలిపోతాండే పొడిని చూసింది. తర్వాత నిఖత్‌ను చూసింది. ఏమీ అడగలేదు, ఊరికే చూసింది, ఒక మాట సాయం వస్తాదేమోనని. నిఖత్ తల వంచుకొని తన కాలివేలికి అంటిన రంగును చూసుకుంటా నిలబడింది.

మంగళవారం పొద్దున్నుంచి గులాబ్‌బీ తలుపు గొళ్ళేనికి పొట్లాలు వచ్చి వేలాడినాయి. ఎవరూ కొట్లాడలేదు, ఎవరూ దుడ్లు వాపసు అడగలేదు. కొన్న పొట్లం కొన్నట్టే తెచ్చి గొళ్ళేనికి తగిలించి పోయినారు. ఎదురింటి తిరుపాలమ్మ ఒక్కతే తలుపు తట్టి చేతికిచ్చింది. “నీ మీద కోపమేం లేదు గులాబమ్మా. పసిపిల్లలుండే ఇల్లు. ఎందుకొచ్చిన తంటా,” అనింది.

నిఖత్ ఇదంతా మిద్దె మీంచి చూసింది. చూసి రేకుల గదిలోకి పోయి బల్ల ముందర కూచుంది. ఇంట్లో అడిగేవాళ్ళు లేరు. నాయన కువైట్‌లో లారీ తోలుతాడు, తల్లి పోయి ఐదేండ్లాయె. కొత్త డబ్బా ఒకటి తీసి రుద్దుడు మొదలుపెట్టింది. రుద్దేటప్పుడు తలలో ఏమీ ఉండదు, అందుకే ఆమెకు ఆ పనంటే ప్రాణం. ఆ దినం మాత్రం తలలోంచి ఏమీ పోలేదు. నాదేం తప్పులే అనుకుంటాది, అనుకున్నంక ఒక నిమిషం నెమ్మదిస్తాది, మళ్ళా గులాబ్‌బీ చూసిన చూపు వచ్చి నిలబడతాది. కాగితం అరిగిపోయి, వట్టి వేలితో రుద్దుతాండానని ఆమెకు శానాసేపటికి గాని తెలియలేదు.

బుధవారం పొద్దున వసీం హడావుడిగా మెట్లెక్కి వచ్చినాడు. “ఆపా, శివన్న ఫోన్ చేసినాడు. పులివెందుల నుంచి బయలుదేరినాడంట. మూడూ ఈ పొద్దే కావాలంటాడు. ‘గండి’ మీద లక్క కొట్టేద్దాం.”

“ఆరల్యా రా.”

“ఆరు దినాలైంది. ఏం ఆరకుండా?”

“నువ్వే చూడు.”

వసీం తాకి చూసి, వేలు ప్యాంటుకు తుడుచుకొని, కొట్టేద్దాంలే, లోపల్లోపల ఆరిపోతాదిలే అన్నాడు. నిఖత్ ఒప్పుకోలేదు. ముడతలు పడిన డబ్బా నా చేతి మీదుగా బయటికి పోకూడదనింది. బ్లేడు తీసుకొని అక్షరాలను మెల్లగా గీకి తీసేయడం మొదలుపెట్టింది. కింది నీలంరంగుకు దెబ్బ తగలకుండా బ్లేడును పడుకోబెట్టి తోయాల. ముద్దలు ముద్దలుగా రంగు లేచొచ్చింది. దాన్ని గుడ్డతో తుడిచి, గుడ్డను మడిచి, ఇంకోసారి తుడిచేటప్పుడు ముక్కుకు వాసన తగిలింది.

వారం దినాల నుంచి పట్టిన జలుబు ఆ పొద్దే కొంచెం తెరిపిచ్చింది. అందుకే తగిలింది. నీలగిరి నూనె వాసన.

తన జేబురుమాలుదేమో అనుకుంది మొదట. జలుబని దాంట్లో రెండు చుక్కలు వేసుకొని పీలుస్తాంది కదా. రుమాలు కింద ఇంట్లో ఉండాది. గుడ్డను మళ్ళా వాసన చూసింది. బ్లేడును చూసింది. రంగుకు రంగు వాసన రావాల, టర్పెంటైన్ వాసన రావాల. నీలగిరి వాసన ఎట్ల వస్తాది?

బల్ల మీద గోడవారగా రెండు సీసాలు ఉండాయి. రెండూ దగ్గు మందు సీసాలే, ఒకే రంగు, ఒకే ఎత్తు. ఒకదాంట్లో నీలగిరి నూనె, మెహందీ ఎర్రగా పండాలని నిఖత్ వేసేది. రెండోదాంట్లో రంగు పల్చన చేసే టర్పెంటైన్. పెద్ద క్యాన్ నుంచి వంచుకుంటే ఒలుకుతాదని వసీం పోసిపెట్టినాడు. గురువారం సాయంత్రం రెండు పనులూ ఈ బల్ల మీదనే చేసింది. తెల్లారితే జమ్మలమడుగు పోవాలని ఒక పక్క మెహందీ ముద్ద కలిపింది, ఇంకో పక్క, రాయకుండా మిగిలిపోయిన ‘గండి’ ఒక్కదాన్ని రాయనీకె గడ్డకట్టిన ఎనామెల్‌ను కరిగించుకుంది. ముక్కులు రెండూ దిబ్బడేసి ఉన్నాయి. నీలగిరీ తెలియలేదు, టర్పెంటైనూ తెలియలేదు.

నిఖత్ రెండు సీసాలూ మూతలు తీసి వాసన చూసింది. తర్వాత కిందికి దిగి, ఫ్రిజ్ పైఅరలో మిగిలిపోయిన మెహందీ కోన్ తీసి, కొస నొక్కింది. గుప్పున టర్పెంటైన్.

ఆమె ఫ్రిజ్ తలుపు మూసింది. నాలుగు చుక్కలు కాదు వేసింది. పెండ్లికూతురికి బాగా పండాలని గరిటెడు పోసింది. ఆ చేతులకు ప్లాస్టిక్ కవర్లు చుట్టి, తెల్లారేదాకా విప్పొద్దని చెప్పింది గూడా తానే. కొంచెం మండుతాంది ఆపా అని జువేరియా అంటే, నూనె ఘాటులే, ఓర్చుకుంటే ఎర్రగా వస్తాదని నవ్వింది.

వసీంకు చెప్తే వాడి మొగం నెత్తురు చుక్క లేకుండా అయింది. సీసాలో పోసింది తానే కదా. మాట మొదలుపెట్టినంక ఆపలేదు.

“ఎవురికీ చెప్పొద్దు ఆపా. నీ కాళ్ళు పట్టుకుంటా. వాళ్ళు కేసు పెడతారు. ఇంట్లో రంగులు పెట్టుకొని పెండ్లికూతురికి విషం పూసినారంటారు. ఇంక నీకెవరన్నా చెయ్యి ఇస్తారా? నాయనకు తెలిస్తే ఈ బల్లను మిద్దె మీంచి కిందికి ఇసిరేస్తాడు.”

“మరి ఖాలా?”

“ముసల్ది. నాలుగు దినాలైతే అందరూ మర్చిపోతారు. కావల్లంటే నెలకింత బియ్యం మనమే ఇద్దాం.”

నిఖత్ వాడిని చూసింది. చెడ్డవాడు కాదు వసీం. మూడేండ్లుగా ఆ బల్ల తప్ప వాడికి ఇంకో సంతోషం లేదు. నిజానికి ఆమెకూ లేదు. అందుకే వాడన్న ప్రతి మాటా ఆమె లోపల అంతకుముందే అనుకున్న మాటే.

పదకొండింటికి శివ వచ్చినాడు. పులివెందులలో ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తాడు, చెవికి పోగు, నెమ్మదైన మనిషి. ‘సెగ’నూ ‘దుమ్ము’నూ చేతుల్లోకి తీసుకొని, బొటనవేలితో రాత మీద నిమిరినాడు.

“ఇంత పొందికగా రాసే చేతిని నేను యాడా చూడల్యా అక్కా,” అన్నాడు. “స్టేజీ మీద పెడితే మావాళ్ళు మోత సంగతి తర్వాత అడుగుతాండారు, ఈ రాత ఎవరిదని ముందు అడుగుతాండారు. ఇంకో ఆరు కావాలంటాండారు. నీ పేరు గూడా అడుగున రాయి అక్కా, చిన్నదిగా. ఎవరు చేసినారో తెలియాల కదా.”

శివ ‘గండి’ని వచ్చే వారం తీసుకుంటానని చెప్పి పోయినాడు. వసీం అక్క దిక్కు చూసినాడు, చూసినావా అన్నట్టు.

ఆ మధ్యాహ్నం ‘గండి’కి మళ్ళా రాయడానికి కూచుంది. కొత్త కోన్ చుట్టి, వాసన చూసి చూసి రంగు కలిపింది. ‘గం’ రాయబోతే రంగు పక్కకు పోయింది. తుడిచింది. మళ్ళా రాసింది, మళ్ళా పోయింది. అప్పుడు వీధిలోంచి టక్కు టక్కుమని చప్పుడు వినపడింది. పిట్టగోడ కాడికి పోయి చూసింది.

గులాబ్‌బీ కొడవలి పట్టుకొని గోరింట చెట్టును కొట్టేస్తాండాది. ముసలి చెయ్యి, దెబ్బ సరిగ్గా పడడంలేదు. ఒక్కో కొమ్మకు పదేసి దెబ్బలు. తెగిన కొమ్మను లాగి వాకిట్లో పారేసి, కొంగుతో మొగం తుడుచుకొని, మళ్ళా కొడుతాది. నడిమధ్యలో ఒకసారి నడుము పట్టుకొని పైకి చూసింది. మిద్దె మీద నిఖత్‌ను చూసింది. నిఖత్ అట్లే నిలబడింది. ఆపు ఖాలా అని ఒక్క కేక వేసుంటే సగం చెట్టన్నా మిగిలుండేది. వేయలేదు. మనిషి మీద నాకు అసహ్యం పుట్టించే ఘడియలు కొన్ని ఉంటాయి, అది ఒకటి. కానీ ఆ పిల్ల గోడ పట్టుకొని నిలబడిన తీరు చూసింటే మీరు గూడా తిట్టలేరు.

గురువారం ఉదయం నిఖత్ ఆ ఇంటి గడప తొక్కింది. ఒక చేతిలో ఫ్రిజ్‌లోని కోన్ ఉండాది.

గులాబ్‌బీ గోడకు ఆనుకొని కూచుని ఉండాది. పొయ్యి రాజేసిన గుర్తు లేదు. నిఖత్ నిలబడే చెప్పింది. కూచుంటే చెప్పలేనని తెలుసు. రెండు సీసాల సంగతి, జలుబు సంగతి, ఆరని డబ్బా సంగతి, అంతా చెప్పింది. “నీ ఆకుది కాదు ఖాలా తప్పు. నాది. సోమవారం నాకు తెలియదు. నిన్న తెలిసింది. తెలిసినంక గూడా నోరు తెరవల్యా.”

గులాబ్‌బీ ఆమె చెయ్యి పట్టి పక్కన కూచోబెట్టుకుంది. మెత్తగా నవ్వింది.

“నువ్వు మంచిదానివి బిడ్డా. నా మనసు కుదుట పడల్లని నీ నెత్తిన వేసుకుంటాండావు. వద్దు. ఈసారి ఆకు ఖాజీపేట కాడిది. ఆ చేను పక్కనే పత్తి. పురుగుమందు కొట్టింటారు, గాలికి ఆకు మీద పడింటాది. నేను కడగకుండా ఆరేసినా. కండ్లు ఆనలేదు, బుద్ధీ ఆనలేదు.”

“కాదు ఖాలా—”

“మొన్న బస్సెక్కి జమ్మలమడుగు పోయొస్తి. ఆ పిల్ల తల్లి కాళ్ళు పట్టుకుంటి. లోపలికి రానీలేదులే. రానీకపోతే ఏం, కాళ్ళన్నా పట్టుకోనిచ్చింది.”

తాను మిద్దె మీద వాటర్ పేపర్ రుద్దుకుంటాండిన పొద్దే ఈమె ఆ ఇంటి వాకిట్లో ఒంగి ఉండాది. చేయని తప్పుకు. నోరు మూసుకున్నప్పుడు ఊరంతా తనను నమ్మింది, నోరు తెరిస్తే ఈ ముసల్ది ఒక్కతే నమ్మడంలేదు. పైగా మంచిదానివంటాండాది. ఆ మాట చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ఇంక మాటలతో పని కాదని ఆమెకు అర్థమైంది.

గొళ్ళేనికి వేలాడే ఆ ఖాజీపేట ఆకు పొట్లాల్లో ఒకటి తెంపుకొని వచ్చింది. గిన్నెలో పొడి పోసి, వేడినీళ్ళూ నిమ్మకాయా తప్ప ఏమీ కలపకుండా ముద్ద చేసింది. కొంచెంసేపు నాననిచ్చి, కుడి అరచేతి నడుమ చందమామ మాదిరి గుండ్రంగా పెట్టుకుంది. ఎడమ అరచేతిలో పాత కోన్ పిండి, అంతే గుండ్రంగా, అంతే మందంగా పెట్టుకుంది. పెండ్లికూతురికి చుట్టినట్టే రెంటికీ ప్లాస్టిక్ కవర్లు చుట్టమని గులాబ్‌బీ ముందర చేతులు చాపింది.

“పిచ్చిదానా, ఏంది ఇది? ఏం జేస్తాండావు?”

“చుట్టు ఖాలా. రెండు చేతులకూ నీ పొడే. నీ పొడే తప్పైతే రెండూ మండల్ల.”

గులాబ్‌బీ గొణుక్కుంటానే చుట్టింది. చుట్టినంక ఇంట్లో పనేదో ఉన్నట్టు లేచి అటూ ఇటూ తిరిగింది. నిఖత్ గడపలో కూచుంది. మొదటి గంట రెండు చేతులూ ఒకే మాదిరి చల్లగా ఉన్నాయి. తర్వాత ఎడమది చురుక్కుమంది. మసీదులోంచి మధ్యాహ్నపు జొహర్ అజా వినపడేటప్పటికి ఆ అరచేతిలో నిప్పుకణిక పెట్టుకున్నట్టుంది. విప్పేస్తే బాగుండునని చెయ్యి చెయ్యే అంటాండాది. జువేరియా రాత్రంతా ఓర్చుకుంది అనుకొని, పండ్లు బిగబట్టి కూచుంది. గులాబ్‌బీ ఒకసారి వచ్చి ఆమె మొగంలోకి చూసింది. చెమటలు కారుతాండాయి. విప్పనా అని అడిగింది. వద్దనింది నిఖత్. అప్పటికే ముసలామె కండ్లల్లో ఏదో మారింది. ఆ తర్వాత తిరగడం మాని ఎదురుగ్గా వచ్చి కూచుంది.

సాయంత్రం అసర్ అజాకు గులాబ్‌బీనే విప్పింది. ఎడమది ముందు విప్పి, నీళ్ళు పోసి కడిగింది. చందమామ ఉన్న మేరకు తోలు ఎర్రగా ఉడికిపోయి, అంచుల్లో బియ్యపుగింజలంత బొబ్బలు లేచినాయి. ఆమె దాన్ని చూసింది. సోమవారం సెల్లులో చూసినట్టు దూరంగా, దగ్గరగా పట్టుకొని చూసింది. దాన్ని వదిలేసింది.

కుడిది విప్పింది. ఎండిన ముద్దను గోటితో ఒలిచి, కొబ్బరినూనె తీసుకొని బొటనవేలితో రుద్దింది. నడుమ గుండ్రంగా ఎరుపు తేలింది. మచ్చ లేదు, దద్దురు లేదు. గులాబ్‌బీ ఆ చేతిని పట్టుకొని, నిఖత్‌ను లేపి, వెలుతురు బాగా పడే వాకిలి దాకా ఈడ్చుకొని వచ్చి చూసుకుంది.

“పండింది,” అనింది. “చూడు ఎట్ల పండిందో. నా ఆకు మంచిదే.”

“నా ఆకు మంచిదే,” అని ఇంకోసారి అనుకొని, ఆ అరచేతిని తన చెంపకు ఆనించుకొని ఏడ్చింది. ఏడుస్తా ఏడుస్తా ఆమె చూపు వాకిట్లో వాడిపోయిన కొమ్మల మీద పడింది. ఏడుపు ఆగింది. చెయ్యి చెంప మీంచి తీసేసింది.

“నిన్న నేను చెట్టు కొట్టేటప్పుడు నువ్వు మిద్దె మీద ఉంటివి.”

“ఉంటి ఖాలా.”

“అప్పటికే నీకు తెల్సు.”

“తెల్సు.”

గులాబ్‌బీ కొడుతాదేమో అనుకుంది నిఖత్. కొట్టాలని గూడా అనుకుంది, కొడితే ఇద్దరికీ కొంచెం బరువు దిగుతాది. ఆమె కొట్టలేదు. కుడి మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఏండ్ల తరబడి ఆకు దంచిన పిడికిలి అది, ఎముక నొక్కుకుపోయింది. “నడువు,” అనింది.

ఎదురింటి తిరుపాలమ్మ వాకిట్లో చేటలో బియ్యం ఏరుకుంటాండాది. గులాబ్‌బీ నిఖత్ అరచేతిని ఆమె మొగం ముందర తెరిచి పట్టింది.

“నా పొడి. మీరంతా వాపసిచ్చిన పొట్లాల్లోదే. చూడు.” తర్వాత నిఖత్ దిక్కు తిరిగింది. “చెప్పు.”

నిఖత్ చెప్పింది. రంగు సీసా, నూనె సీసా, పెండ్లికూతురి చేతులు, నోరు మూసుకున్న నాలుగు దినాలు. తిరుపాలమ్మ చేట పక్కన పెట్టి, అయ్యో తల్లీ అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె కండ్లు నిఖత్ ఎడమ చేతి మీదికి పోయినాయి. “ఆ చేతికి ఏమన్నా పూయండి ముందు, ఎట్ల కమిలిందో చూడు,” అని లోపలికి లేవబోయింది.

“అది తర్వాత,” అనింది గులాబ్‌బీ. ఆ చేతిని ఆమె చూడనన్నా చూడలేదు. “పొట్లాలు వాపసొచ్చినవి పదకొండు ఇండ్ల నుంచి. ఇంకా పది ఉండాయి. పొద్దుగూకేలోగా అన్నీ తిరగల్ల. రేపు మొదటి బస్సుకు జమ్మలమడుగు. ఆ పెండ్లికొడుకు తల్లిని గూడా పిలిపించమందాం. ఆయమ్మ ముందర గూడా చెప్పాల నువ్వు.”

“చెప్తా ఖాలా.”

మిద్దె మీంచి వసీం చూస్తాండాడు, చేతిలో డబ్బా పట్టుకొని. నిఖత్ అటు తలెత్తలేదు. ఎడమ చెయ్యి కిందికి వేలాడేస్తే నెత్తురంతా దాంట్లోకి దిగి ఇంకా మండుతాండాదని దాన్ని రొమ్ము కాడికి ఎత్తి పట్టుకుంది. కుడిది ముసలామె పిడికిట్లోనే ఉండాది. రెండో ఇంటి తలుపు మూసి ఉంటే గులాబ్‌బీ రెండో చేత్తో గట్టిగా తట్టింది. తలుపు తీసేదాకా ఆ మణికట్టు వదల్లేదు.